ఒకే గ్రాఫులో పలు రేఖలు

మూర్ఛవ్యాధి ఉన్నవారిలో దాదాపు మూడవ వంతు మందికి మందులతో మూర్ఛలు పూర్తిగా అదుపులోకి రావు. అటువంటివారిలో కొందరికి శస్త్రచికిత్స ఒక మార్గం. మెదడులో మూర్ఛ ఏ చోట పుడుతున్నదో కనిపెట్టి, ఆ కొద్దిపాటి భాగాన్ని తొలగించగలిగితే రోగి మళ్ళీ మామూలు జీవితం గడిపే అవకాశం ఉంటుంది. చోటు తప్పితే మూర్ఛలు ఆగవు సరికదా, మాటనో, చేతి కదలికనో, జ్ఞాపకశక్తినో కోల్పోవలసి రావచ్చు. కనుక శస్త్రవైద్యుని ముందున్న మొదటి ప్రశ్న ఒక్కటే: ఎక్కడ?

దీనికి సమాధానం కొరకు కొందరు రోగులకు పుర్రెను తెరచి, మెదడు ఉపరితలం మీద సన్నని ఎలక్ట్రోడులను వరుసలు వరుసలుగా అమర్చుతారు. ప్రతి ఎలక్ట్రోడూ తన క్రింద ఉన్న భాగంలోని విద్యుత్ స్పందనను క్షణక్షణం నమోదు చేస్తుంది. ఒక్కొక్క ఎలక్ట్రోడుకు ఒక్కొక్క రేఖ. అటువంటి రేఖలు పదుల సంఖ్యలో, ఒకదాని క్రింద ఒకటిగా, ఒకే కాలాక్షం మీద సాగిపోతూ ఉంటాయి. మూర్ఛ వచ్చినపుడు ఒక రేఖ మొదట అలజడి చెందుతుంది. తరువాత దాని పొరుగు రేఖ, ఆపైన మరికొన్ని. కొద్ది సేపటిలో తెర అంతా కల్లోలమే. ఆ కల్లోలంలో వైద్యుడు వెదికేది అన్నిటికంటె ముందు చలించిన రేఖను.

ఆ రేఖలను విడివిడి కాగితాల మీద, విడివిడి కొలమానాలతో గీస్తే ఈ ప్రశ్నకు సమాధానం దొరకదు. ఏది ముందు, ఏది వెనుక అన్నది ఒకే కాగితం మీద, ఒకే కాలమానంతో పక్కపక్కన నిలిపినపుడే తెలుస్తుంది. మెదడు చిత్రాలూ, ఇతర పరీక్షలూ తోడ్పడతాయి, నిజమే. కాని పలు రేఖలను ఒకే గ్రాఫులో చూడడం అన్న చిన్న విషయం మీద ఒక మనిషి మాట, చేయి, జ్ఞాపకం ఆధారపడే సందర్భం ఇది.

నేడు ప్రపంచమంతటా విద్యార్థులు, శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు పైథాన్ భాషలో గ్రాఫులు గీయడానికి వాడే మాట్‌ప్లాట్‌లిబ్ అనే ఉపకరణం పుట్టింది సరిగ్గా ఇటువంటి అవసరంలోనే. పుట్టిన ఊరు మన తెలుగువారెందరో స్థిరపడిన చికాగో.

చికాగోలో ఒక తాళంచెవి

జాన్ హంటర్ 1968లో టెనెసీ రాష్ట్రంలో జన్మించాడు. చికాగో విశ్వవిద్యాలయంలో నాడీజీవశాస్త్రంలో పరిశోధన చేస్తూ, మూర్ఛరోగుల మెదడు నుండి సేకరించిన విద్యుత్ సంకేతాలను విశ్లేషించే బృందంలో పనిచేశాడు. ఆ సంకేతాలను తెరపై గీసి చూపడానికి ఆ ప్రయోగశాలలో ఒక వాణిజ్య ప్రోగ్రాము ఉండేది. దానికి ఉన్న అనుమతి ఒక్కటే. డాంగిల్ అనే చిన్న తాళంచెవి వంటి పరికరాన్ని కంప్యూటరుకు తగిలిస్తే తప్ప అది నడవదు. ప్రొఫెసర్లు, వైద్య విద్యార్థులు, ఇంజనీర్లు, పరిశోధకులు అందరూ వంతులు వేసుకుని ఆ ఒక్క తాళంచెవినే వాడుకోవలసి వచ్చేది. మన పల్లెల్లో ఊరంతటికీ ఒక్క మంచినీటి బావి ఉన్నట్లు!

హంటర్ మొదట మాట్‌ల్యాబ్ అనే ప్రసిద్ధమైన గణిత భాషలో దానికి ప్రత్యామ్నాయం తయారుచేశాడు. కొంతవరకు పని జరిగింది. కాని మాట్‌ల్యాబు ప్రపంచాన్ని అంకెల పట్టికగా చూస్తుంది. ఆసుపత్రిలోని వాస్తవం అంత తేలిక కాదు. ఒకే రోగికి సంబంధించిన సి.టి. చిత్రాలు ఒక చోట, ఎం.ఆర్.ఐ. చిత్రాలు మరొక చోట, విద్యుత్ సంకేతాలు ఇంకొక చోట, వేరువేరు కంప్యూటర్లలో ఉంటాయి. వాటన్నిటినీ ఒక చోటికి తెచ్చి కూర్చడానికి మాట్‌ల్యాబు సరిపోలేదు.

అప్పుడతని దృష్టి పైథాన్ భాష మీద పడింది. ఈ భాషను నెదర్లాండ్స్ దేశస్థుడైన గీడో వాన్ రోసమ్ 1989 డిసెంబరులో మొదలుపెట్టి, 1991లో లోకానికి విడుదల చేశాడు. పేరు చూసి కొండచిలువ అనుకుంటారు గాని, అది బ్రిటిష్ టెలివిజనులో వచ్చిన మాంటీ పైథాన్ అనే హాస్య కార్యక్రమం నుండి తీసుకున్న పేరు. చదవడానికి సులభం, వాడడానికి ఉచితం, అన్ని రకాల పనులకూ పనికివస్తుంది. లోపించినది ఒక్కటే: మాట్‌ల్యాబులో వలె అలవోకగా గ్రాఫులు గీసే సాధనం. దానిని హంటర్ తానే వ్రాసుకున్నాడు. 2003లో మాట్‌ప్లాట్‌లిబ్ అనే పేరుతో విడుదల చేశాడు. డబ్బు లేదు, తాళంచెవి లేదు, వంతులు లేవు. ఎవరైనా తీసుకోవచ్చు, తెరచి చూడవచ్చు, మార్చవచ్చు.

తన అవసరానికి తవ్వుకున్న బావి అందరికీ ఊటబావి అయింది. 2008లో ఫీనిక్స్ అనే వ్యోమనౌక అంగారక గ్రహం మీద దిగినపుడు దాని దత్తాంశాలను చూడడానికి కూడ ఈ సాధనాన్ని వాడారు.

కంప్యూటరు చేసే పని

పలు రేఖలను ఒకే గ్రాఫులో గీయడం మాట్‌ప్లాట్‌లిబులో ఎట్లా జరుగుతుందో తెలుసుకోవడానికి ప్రోగ్రాములు వ్రాయడం రానక్కరలేదు. ముగ్గు వేసేవారి పద్ధతిని తలచుకుంటే చాలు. ముందు వాకిలి అలుకుతారు. తరువాత చుక్కలు పెడతారు. ఆపైన చుక్కలను కలుపుతూ గీతలు గీస్తారు. ఒక గీత పూర్తయిన తరువాత అదే వాకిట్లో రెండవ గీత, మూడవ గీత. అంతా అయ్యాక ఇంట్లోవారిని పిలిచి చూపిస్తారు.

మాట్‌ప్లాట్‌లిబులో వాకిలికి ఫిగర్ అని పేరు. అది మొత్తం కాగితం. ఆ కాగితం మీద అడ్డ అక్షం, నిలువు అక్షం ఏర్పరచిన దీర్ఘచతురస్రానికి యాక్సిస్ అని పేరు. చుక్కలను కలిపి గీత గీయించే ఆజ్ఞ పేరు ప్లాట్. దానికి రెండు వరుసల అంకెలు ఇవ్వాలి. మొదటి వరుస అడ్డ అక్షానికి, రెండవది నిలువు అక్షానికి. రెండు వరుసల్లోనూ అంకెల సంఖ్య సమానంగా ఉండాలి. పన్నెండు నెలలకు పదకొండు ఉష్ణోగ్రతలు ఇస్తే కంప్యూటరు గీయనని మొరాయిస్తుంది.

రెండవ రేఖ కావాలంటే ప్లాట్ అనే ఆజ్ఞను మరొకసారి ఇస్తే సరి. మొదటి రేఖ చెరిగిపోదు. రెండవది దాని పక్కనే వచ్చి చేరుతుంది. దానికి వేరే రంగును కంప్యూటరు తనంతట తానే ఎన్నుకుంటుంది. కొత్త రేఖ పట్టేటట్లు నిలువు అక్షాన్ని తానే సవరించుకుంటుంది. మాట్‌ల్యాబులో అయితే కొత్త రేఖ వచ్చిందంటే పాతది చెరిగిపోతుంది. నిలిపి ఉంచమని హోల్డ్ అనే ఆజ్ఞతో విడిగా చెప్పాలి. హంటర్ తన సాధనంలో నిలిపి ఉంచడాన్నే సహజ స్థితిగా చేశాడు. పోల్చి చూడడమే ప్రధానమైన పనిగా ఉన్న ప్రయోగశాలలో పుట్టిన సాధనానికి ఇది తగిన స్వభావమే.

చివరి ఆజ్ఞ షో. అంటే చూపించు అని. కొత్తగా నేర్చుకునేవారు తరచు తడబడేది ఇక్కడే. ఒక రేఖ గీసి షో అంటారు. మరొక రేఖ గీసి మళ్ళీ షో అంటారు. రెండు రేఖలూ ఒకే గ్రాఫులో వస్తాయనుకుంటే రెండు విడి గ్రాఫులు వస్తాయి. షో అన్న తరువాత ఆ కాగితం పని ముగిసినట్లు. ఆపైన గీసేది కొత్త కాగితం మీద పడుతుంది. ముగ్గు సగంలో ఉండగా ఇంట్లోవారిని పిలిచినట్లన్న మాట. గీతలన్నీ పూర్తి చేసి, చివర ఒక్కసారి షో అనాలి.

ఇంతవరకు తెలిస్తే గీయడం వచ్చినట్లే. సరిగా గీయడం వేరే విద్య. దానికి ఒక చిన్న ఉదాహరణ.

చికాగో, హైదరాబాదు

చికాగో పరిసరాల్లో ఉంటున్న ఒక తెలుగు కుటుంబంలోని విద్యార్థిని పాఠశాల సైన్సు ప్రదర్శన కొరకు రెండు నగరాల వాతావరణాన్ని పోల్చదలచింది అనుకుందాం. ఒకటి తాను పెరుగుతున్న చికాగో, రెండవది తాతగారు, అమ్మమ్మగారు ఉన్న హైదరాబాదు. నెలవారీ సగటు పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతలు సంపాదించింది. అమెరికా పట్టికలో చికాగోకు జనవరిలో సుమారు 32, జులైలో సుమారు 84 అని ఉన్నది. భారతదేశపు పట్టికలో హైదరాబాదుకు జనవరిలో సుమారు 29, మేలో సుమారు 39 అని ఉన్నది. రెండు ప్లాట్ ఆజ్ఞలు, ఒక షో. గ్రాఫు సిద్ధం.

ఆ గ్రాఫు ప్రకారం జనవరిలో మంచుతో కప్పబడిన చికాగో హైదరాబాదు కంటె వేడిగా ఉన్నది! జులైలో చికాగో హైదరాబాదును రెండు రెట్లకు మించి దాటిపోయింది. అమ్మమ్మగారు చూస్తే ఫక్కున నవ్వుతారు.

పొరపాటు ఎక్కడ జరిగిందో పెద్దలు ఇప్పటికే గ్రహించి ఉంటారు. చికాగో అంకెలు ఫారెన్‌హైటులో ఉన్నవి, హైదరాబాదు అంకెలు సెల్సియస్‌లో ఉన్నవి. కంప్యూటరు ఒక్క మాటైనా హెచ్చరించలేదు. దానికి అంకెలే తెలుసు; చలీ ఎండా తెలియవు. ఏ రెండు వరుసలను ఇచ్చినా ఒకే కాగితం మీద గీసి పెడుతుంది. అవి పోల్చదగినవేనా అని అడుగవలసిన బాధ్యత గీసేవారిది.

సవరణ సులభం. చికాగో అంకెల నుండి 32 తీసివేసి, మిగిలినదానిని 5చే గుణించి 9చే భాగించాలి. పన్నెండు అంకెలనూ ఒక్కొక్కటిగా మార్చనక్కరలేదు. పైథానులో నమ్‌పై అనే మరొక ఉచిత సాధనం ఉన్నది. అంకెల వరుసను దానికి అప్పగిస్తే వరుస మొత్తానికీ ఒక్క వాక్యంలో తీసివేత, గుణకారం చేసి ఇస్తుంది. సవరించిన పిదప చికాగో రేఖ జనవరిలో దాదాపు సున్నా వద్ద మొదలై, జులైలో 29 దగ్గరకు చేరి, డిసెంబరుకు 3 వద్దకు దిగుతుంది.

ఇప్పుడు గ్రాఫు నిజం మాట్లాడుతుంది. జనవరిలో రెండు రేఖల మధ్య సుమారు 29 డిగ్రీల ఎడం. వేసవి వచ్చే కొద్దీ చికాగో రేఖ నిటారుగా లేస్తుంది. హైదరాబాదు రేఖ మే నెలలో శిఖరాన్ని తాకి, జూనులో దిగిపోతుంది. జులై, ఆగస్టు నెలల్లో హైదరాబాదు 31, 30; చికాగో 29, 28. రెండు రేఖలూ ఇంచుమించు తాకినంత దగ్గరగా వస్తాయి. సెప్టెంబరు నుండి మళ్ళీ విడిపోతాయి.

ఎందుకిట్లా? చికాగోలో ఎండ ముదిరే వేళకు హైదరాబాదులో నైరుతి ఋతుపవనాలు ప్రవేశించి, మేఘాలతో, వానలతో నేలను చల్లబరుస్తాయి. రోహిణి కార్తె ఎండల తరువాత మృగశిర కార్తెలో తొలకరి కొరకు ఎదురుచూసిన వారికి ఈ విషయం చెప్పనక్కరలేదు. అమెరికాలో పుట్టిన పిల్లలకు మాత్రం ఆ రెండు రేఖలు దగ్గరపడిన చోటు చూపిస్తే, తొలకరి అంటే ఏమిటో ఒక్క చూపులో అర్థమవుతుంది. విడివిడిగా గీసిన రెండు గ్రాఫుల్లో ఈ విషయం దాగి ఉంటుంది. ఒక గ్రాఫు చికాగో గురించి చెబుతుంది, మరొకటి హైదరాబాదు గురించి చెబుతుంది. రెండిటి మధ్య ఉన్న సంబంధాన్ని చెప్పేది రెండు రేఖలూ కలిసి ఉన్న గ్రాఫు మాత్రమే.

కంటిని మోసగించే రేఖలు

ఈ ఆలోచన కంప్యూటర్ల కంటె చాల పాతది. విలియం ప్లేఫేర్ అనే స్కాట్లండు దేశస్థుడు 1786లో లండనులో ప్రచురించిన వాణిజ్య పటాల గ్రంథంలో ఇంగ్లండు చేసుకున్న దిగుమతులకు ఒక రేఖ, ఎగుమతులకు ఒక రేఖ గీశాడు. డెన్మార్కు, నార్వే దేశాలతో 1700 నుండి 1780 వరకు జరిగిన వ్యాపారం గూర్చిన పటం వీటిలో సుప్రసిద్ధమైనది. దిగుమతుల రేఖ మొదట పైన ఉంటుంది. 1750ల మధ్యలో రెండు రేఖలు ఒకదానినొకటి దాటుతాయి. అక్కడి నుండి ఎగుమతులది పైచేయి. లాభనష్టాలు ఎప్పుడు తారుమారైనవో చెప్పడానికి పేజీల కొద్దీ పట్టికలు అవసరం లేకపోయింది.

ప్లేఫేరే ఈస్టిండీస్‌తో ఇంగ్లండు వ్యాపారానికీ ఇటువంటి పటం గీశాడు. 1611లోనే మన మచిలీపట్నంలో వర్తక స్థావరం ఏర్పరచుకున్న ఈస్టిండియా కంపెనీ కాలపు వ్యాపారమది. ఈ పటమే దాదాపు రెండు శతాబ్దాల తరువాత అమెరికాలో ఒక పరిశోధనకు ఆధారమైంది.

బెల్ ప్రయోగశాలల్లో పనిచేసిన విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే గణాంక శాస్త్రజ్ఞులు, మనుషులు గ్రాఫులను ఎంత సరిగా చదవగలరో పరీక్షించి 1984లో తమ ఫలితాలను ప్రకటించారు. ఈస్టిండీస్ పటంలో దిగుమతుల రేఖ, ఎగుమతుల రేఖ రెండూ కొన్ని చోట్ల నిటారుగా లేస్తాయి. చూసేవారికి ఆ చోట్ల రెండు రేఖల మధ్య ఎడం పెద్దగా మారనట్లు తోస్తుంది. కాని ఒక రేఖ నుండి మరొక రేఖను తీసివేసి, ఆ తేడాను విడిగా గీసి చూస్తే 1760 దాటిన కొద్ది కాలానికే అది ఒక్కసారిగా పెరిగి మళ్ళీ తగ్గినట్లు కనబడుతుంది. కళ్ళముందున్న శిఖరాన్ని కన్ను పట్టుకోలేకపోయింది.

కారణం ఏమిటంటే, రెండు రేఖల మధ్య ఎడాన్ని నిలువుగా కొలవాలి. కన్ను మాత్రం రెండు రేఖలకు అతి దగ్గరి దారినే చూస్తుంది. ఏటవాలుగా లేచే మెట్ల గోడలు రెండు పక్కపక్కన ఉంటే వాటి మధ్య అడ్డదారినే గమనిస్తాం గాని, నిలువు దూరాన్ని గమనించం కదా! కనుక తేడాయే ముఖ్యమైనపుడు ఆ తేడాను మూడవ రేఖగా గీయాలి. నమ్‌పై సహాయంతో పైథానులో దీనికి పట్టేది ఒక్క తీసివేత గుర్తు.

మరొక మోసం రెండు నిలువు అక్షాలది. ఎడమ పక్క ఒక కొలమానం, కుడి పక్క వేరొక కొలమానం ఉంచి, రెండు వేరువేరు విషయాలను ఒకే గ్రాఫులో గీయడానికి మాట్‌ప్లాట్‌లిబులో ట్విన్‌ఎక్స్ అనే ఆజ్ఞ ఉన్నది. వర్షపాతం, ఉష్ణోగ్రత వంటి వాటికి ఇది ఉపయోగమే. కాని ఒక పక్క కొలమానాన్ని సాగదీసి, మరొక పక్కది కుదించి, ఏ రెండు రేఖలనైనా ఒకదానినొకటి అనుసరిస్తున్నట్లు చూపవచ్చు. రేఖలు ఖండించుకున్న చోటుకు ఇటువంటి గ్రాఫులో ఏ అర్థమూ లేదు. కొలమానం కాస్త మారిస్తే ఆ చోటూ మారిపోతుంది. వార్తాపత్రికల్లో ఇటువంటి గ్రాఫు కనబడినపుడు ముందుగా చూడవలసినది రేఖలను కాదు, అక్షాల మీది అంకెలను.

పేరులేని రేఖ, రంగుతెలియని కన్ను

రేఖలు రెండుంటే ఏది ఎవరిదో చెప్పాలి. ప్లాట్ ఆజ్ఞలోనే లేబుల్ అనే చోట ఆ రేఖ పేరు వ్రాసి, చివర లెజెండ్ అనే ఆజ్ఞ ఇస్తే రంగులతో సహా పేర్ల సూచిక గ్రాఫు మూలలో వెలుస్తుంది. పేరులేని రేఖ చిరునామా లేని ఉత్తరం వంటిది.

రంగుల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. పడమటి దేశాల పురుషుల్లో ఇంచుమించు నూటికి 8 మందికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా సరిగా తెలియదు. తరగతిలో ఒక పిల్లవాడికైనా ఈ ఇబ్బంది ఉండే అవకాశం ఉన్నది. మాట్‌ప్లాట్‌లిబు తొలి రోజుల్లో మొదటి మూడు రేఖలకు నీలం, ఆకుపచ్చ, ఎరుపు వచ్చేవి. 2017లో వచ్చిన రెండవ తరంలో ఈ రంగుల వరుసను మార్చారు. ఇప్పుడు మొదటి రెండు రేఖలకు నీలం, నారింజ వస్తాయి. అయినా రంగు మీదనే ఆధారపడకుండా ఒక రేఖను చుక్కలుగా, మరొకదానిని ముక్కలుగా గీయడం మంచిది. నలుపు తెలుపుల్లో అచ్చు వేసినా తేడా తెలుస్తుంది.

రేఖలు ఆరేడు దాటితే సూచిక కూడ ఆదుకోదు. చిక్కుపడిన దారపు ఉండలా తయారవుతుంది. అప్పుడు రెండు ఉపాయాలున్నవి. ఒకటి, సబ్‌ప్లాట్స్ అనే ఆజ్ఞతో ఒకే కాగితాన్ని చిన్న చిన్న గళ్ళుగా విభజించి, అన్నిటికీ ఒకే కొలమానం ఉంచి, గడికొక రేఖ గీయడం. రెండవది, మెదడు సంకేతాలకు వైద్యులు వాడే పద్ధతి. ప్రతి రేఖకూ కొంత ఎత్తు కలుపుతూ పోతే రేఖలన్నీ వీణ తీగలవలె ఒకదాని క్రింద ఒకటి సర్దుకుంటాయి. కాలాక్షం మాత్రం అన్నిటికీ ఒక్కటే. హంటర్ మొదట గీయదలచిన గ్రాఫు ఇదే.

రెండు రేఖలు, ఒక అల

పలు రేఖలు ఒకే గ్రాఫులో కలిసినపుడు ఎంతటి సత్యం బయటపడగలదో తెలిపే సంఘటన 2015 సెప్టెంబరు 14న జరిగింది. గురుత్వ తరంగాలను పట్టడానికి అమెరికాలో లైగో అనే పేరుతో రెండు వేధశాలలున్నవి. ఒకటి లూసియానా రాష్ట్రంలో లివింగ్‌స్టన్ వద్ద, మరొకటి వాషింగ్టన్ రాష్ట్రంలో హాన్‌ఫర్డ్ వద్ద. రెండిటి మధ్య దూరం సుమారు 3,000 కిలోమీటర్లు. ఒక్కొక్కదానిలో 4 కిలోమీటర్ల పొడవైన రెండు భుజాలు లంబకోణంలో ఉంటాయి. వాటిలో లేసర్ కాంతి అద్దాల మధ్య తిరుగాడుతుంది. తరంగం వచ్చినపుడు భుజాల పొడవుల్లో కలిగే మార్పు ప్రోటాను పరిమాణంలో చిన్న భిన్నం మాత్రమే.

ఆనాడు లివింగ్‌స్టన్ పరికరంలో ఒక స్పందన కనబడింది. సెకనులో అయిదవ వంతు కాలం పాటు, అంతకంతకు వేగం పుంజుకుంటూ సాగి, ఆగిపోయింది. ఒక్కచోట కనబడిన స్పందనకు కారణాలు ఎన్నో ఉండవచ్చు. ఎక్కడో దూరంగా పోయిన రైలు కావచ్చు, భూమి కంపించి ఉండవచ్చు, పరికరంలోని లోపమే కావచ్చు. ఒక్క రేఖ సాక్ష్యం చాలదు.

హాన్‌ఫర్డ్ పరికరం నమోదు చేసిన రేఖలో కూడ ఇటువంటి స్పందనే ఉన్నది, సుమారు 7 మిల్లీసెకన్ల ఆలస్యంగా. రెండు వేధశాలల భుజాలు భూమి మీద వేరువేరు దిక్కులకు అమరి ఉండడం వలన ఒకదానిలో పైకి లేచిన అల మరొకదానిలో క్రిందికి దిగుతుంది. హాన్‌ఫర్డ్ రేఖను ఆ 7 మిల్లీసెకన్ల మేరకు జరిపి, తలక్రిందులు చేసి, లివింగ్‌స్టన్ రేఖ మీద పరచినపుడు రెండూ ఒకదానిలో ఒకటి ఒదిగిపోయాయి. కాంతి ఒక వేధశాల నుండి మరొకదానికి చేరడానికి పట్టే కాలం 10 మిల్లీసెకన్లు. గురుత్వ తరంగమూ కాంతి వేగంతోనే పోతుంది కనుక ఆలస్యం అంతకు మించరాదు. 7 అంతకంటె తక్కువే. ఐన్‌స్టైన్ సిద్ధాంతం ప్రకారం లెక్కించిన రేఖను గీసి చూస్తే, దానికీ ఈ స్పందన సరిపోయింది.

సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు కృష్ణబిలాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయినపుడు లేచిన అల అది. 2016 ఫిబ్రవరి 11న శాస్త్రజ్ఞులు దానిని లోకానికి ప్రకటించారు. 2017లో రైనర్ వైస్, బారీ బ్యారిష్, కిప్ థార్న్‌లకు నోబెల్ బహుమతి లభించింది. లైగో సంస్థ ఆ దత్తాంశాలను అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచింది. వాటితోపాటు, రెండు రేఖలను శుద్ధిచేసి ఒకే గ్రాఫులో ఎట్లా గీయాలో నేర్పే పైథాన్ పాఠాన్ని కూడ ఇచ్చింది. ఆ పాఠంలో రేఖలు గీసేది మాట్‌ప్లాట్‌లిబే. నోబెల్ బహుమతి తెచ్చిన ఆ రేఖలను హైస్కూలు విద్యార్థి తన ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని మళ్ళీ గీసి చూడవచ్చు.

గీసినవాడు వెళ్ళిపోయినా

ఈ ప్రకటన వినడానికి జాన్ హంటర్ జీవించి లేడు. 2012 జులైలో టెక్సాసులోని ఆస్టిన్ నగరంలో, శాస్త్ర పరిశోధనకు పైథానును వాడేవారి మహాసభలో అతడు ప్రధానోపన్యాసం చేశాడు. ఇల్లు చేరిన కొద్ది రోజులకే పెద్దప్రేగు క్యాన్సరు ఉన్నట్లు వైద్యులు కనిపెట్టారు. ఆగస్టు 28న, చికిత్సలో తలెత్తిన ఇబ్బందుల వలన మరణించాడు. వయస్సు 44 సంవత్సరాలు. భార్య, ముగ్గురు కుమార్తెలు మిగిలారు. పైథాన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తన విశిష్ట సేవా పురస్కారాన్ని మొట్టమొదటగా అతనికే ప్రకటించింది. మరుసటి సంవత్సరం నుండి అదే మహాసభలో ఉత్తమమైన గ్రాఫుకు అతని పేర పోటీ నెలకొల్పారు.

అతడు వ్రాసిన ప్రోగ్రాము మాత్రం ఆగలేదు. అనేక దేశాలకు చెందినవారు దానిని పెంచుతూ వచ్చారు. తాళంచెవి కొరకు వంతులు కాచుకున్న ఒక ప్రయోగశాల నుండి వచ్చిన సాధనానికి ఇంతకంటె మంచి కొనసాగింపు ఉండబోదు.

అమెరికాలోని తెలుగు ఇళ్ళలో రెండు నగరాల మాట, రెండు కాలాల మాట రోజూ వస్తూనే ఉంటుంది. అక్కడ ఎండ ఎంత, ఇక్కడ చలి ఎంత. అప్పుడు జీతమెంత, ఇప్పుడు ఖర్చెంత. అక్కడ చదువు ఎట్లా ఉంటుంది, ఇక్కడ ఎట్లా ఉన్నది. వీటిలో చాలవరకు నోటి లెక్కలతోనే వాదోపవాదాలుగా ముగుస్తాయి. పిల్లలకు పైథాను వచ్చు. పెద్దలకు ఆ అంకెల వెనుక ఉన్న జీవితం తెలుసు. ఒక శనివారం సాయంత్రం ఇద్దరూ కలిసి కూర్చుంటే, పిల్లలు రెండు రేఖలు గీయగలరు. అవి ఒకే కొలమానంలో ఉన్నవా లేదా అని పెద్దలు అడుగగలరు. రేఖలు గీయడానికి కంప్యూటరుకు పట్టేది రెప్పపాటు కాలం. ఈ రెండిటినీ పోల్చవచ్చునా అన్న ప్రశ్నకు మాత్రం కొంత ఓపిక కావాలి. మూర్ఛ పుట్టిన చోటును వెదికే వైద్యుడైనా, మనుమరాలి గ్రాఫు చూసి నవ్వే అమ్మమ్మగారైనా మొదట అడిగేది ఆ ప్రశ్ననే.